చొక్కాపై లేని గుర్తు: హాషిమ్ ఆమ్లా తొలి అడుగులు

2004 నవంబరు 28న కలకత్తా ఈడెన్ గార్డెన్స్ మైదానంలో భారత్, దక్షిణాఫ్రికా జట్ల మధ్య ఒక టెస్టు మ్యాచ్ ప్రారంభమయింది. నిండుగా గడ్డమున్న ఇరవై ఒక్క ఏళ్ల యువకుడొకరు ఆ మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా తరఫున మొదటిసారి బ్యాటు పట్టారు. తొలి ఇన్నింగ్స్‌లో 24, రెండవ దానిలో 2 పరుగులు చేశారు. ఆ మ్యాచ్‌లో భారత్ గెలిచింది. మర్నాటి పత్రికలలో ఆ యువకుని ఆటను గురించి వ్రాయవలసినంత విశేషమేమీ లేదు. కానీ దక్షిణాఫ్రికా జాతీయ జట్టులో భారత సంతతికి చెందిన ఒక ఆటగాడు స్థానం పొందడం అదే ప్రథమం. ఆయన పేరు హాషిమ్ ముహమ్మద్ ఆమ్లా.

మన ఇళ్లలో ఆయన పేరు తెలియని పిల్లలు అరుదు. ఆయన గడ్డాన్ని, చొక్కాపై బీరు కంపెనీ గుర్తును నిరాకరించిన సంగతిని, మూడు వందల పరుగుల ఇన్నింగ్స్‌ను వారు కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ కథలకు ముందున్న సంవత్సరాలను గురించి మాత్రం చెప్పేవారు తక్కువ. జట్టులోకి రావడం, వెనువెంటనే స్థానం పోగొట్టుకోవడం, పదహారు నెలలు బయట నిరీక్షించడం, తిరిగి రావడం అనే ఆ తొలి అధ్యాయమే మన కుటుంబాలకు ఎక్కువగా ఉపకరిస్తుందని నా అభిప్రాయం. అందుచేత ఈ వ్యాసంలో అధికభాగం దానికే కేటాయిస్తున్నాను.

ఆయన పేరును గురించి ఒక మాట. హాషిమ్ అన్నది మన ప్రవక్త (స) ముత్తాతగారి పేరు. వారి అసలు పేరు అమ్ర్. మక్కాలో కరవు వచ్చినప్పుడు రొట్టెలు తుంచి, పులుసులో నానబెట్టి ప్రజలకు పెట్టిన కారణంగా ‘తుంచేవాడు’ అనే అర్థంలో హాషిమ్ అన్న పేరు స్థిరపడిందని సీరత్ గ్రంథకర్తలు చెబుతారు. బనూ హాషిమ్ వంశానికి ఆ పేరు వచ్చింది వారి నుంచే. పిల్లలకు పేరు పెట్టేటప్పుడు దాని వెనుక ఉన్న చరిత్రను కూడా వారికి చెప్పే అలవాటు మన ఇళ్లలో క్రమంగా తగ్గిపోతోంది.

ఆమ్లా 1983 మార్చి 31న డర్బన్ నగరంలో జన్మించారు. పూర్వీకులది గుజరాత్‌లోని సూరత్ ప్రాంతం. సంప్రదాయాలను పాటించే ఒక మధ్యతరగతి ముస్లిమ్ కుటుంబంలో ఆయన పెరిగారు. డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతంతో మన తెలుగువారికి కూడా పాత సంబంధమే ఉంది. మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబరులో ఒప్పంద కూలీలను మొట్టమొదటగా డర్బన్ తీరానికి చేర్చింది. ఆ ఓడలోనూ, తర్వాత వచ్చిన ఓడలలోనూ చెరకు తోటలకు వెళ్లినవారిలో తమిళులతో పాటు తెలుగువారు కూడా ఉన్నారు. వారి సంతతి నేటికీ అక్కడ ఉగాది జరుపుకుంటోంది. కూలీల వెనుక గుజరాతీ వర్తకులు తమ సొంత ఖర్చుతో వెళ్లారు. వారిలో ముస్లిములు చాలామంది. డర్బన్ గ్రే స్ట్రీట్‌లోని జుమా మస్జిద్‌కు 1880ల తొలినాళ్లలో పునాది వేసినది ఈ వర్తకులే. గాంధీజీ 1893లో దక్షిణాఫ్రికాకు వెళ్లింది కూడా అటువంటి వర్తక సంస్థ అయిన దాదా అబ్దుల్లా కంపెనీ వ్యాజ్యం పని మీదనే.

ఆమ్లా జన్మించిన 1983లో ఆ దేశంలో వర్ణవివక్ష చట్టబద్ధంగా అమలులో ఉండేది. ఎవరు ఏ వీధిలో నివసించాలో, ఏ బడిలో చదవాలో, ఏ బల్ల మీద కూర్చోవాలో చర్మపు రంగును బట్టి ప్రభుత్వం నిర్ణయించేది. ఆటకు కూడా మినహాయింపు లేదు. తెల్లవారి క్రికెట్ వేరు, ఇతరుల క్రికెట్ వేరు. పచ్చిక మైదానాలు, శిక్షకులు, పత్రికలలో పేరు, జాతీయ జట్టు అన్నీ మొదటివారివే. తక్కినవారు గరుకు నేల మీద చాప పరచి ఆడుకున్నారు. అంతటి ఆటగాడు బేసిల్ డి ఒలివెరా సైతం స్వదేశంలో ఆడే దారి లేక 1960లో ఇంగ్లండుకు వెళ్లిపోవలసి వచ్చింది. 1968లో ఆయనను ఇంగ్లండు జట్టులో చేర్చినందుకు దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆ జట్టును రానివ్వలేదు. 1970 నుంచి ప్రపంచ క్రికెట్ దక్షిణాఫ్రికాను వెలివేసింది.

ఈ పోరాటంలో కేప్‌టౌన్‌కు చెందిన హసన్ హోవా అనే ముస్లిమ్ క్రీడా నిర్వాహకుని పాత్రను ఇక్కడ స్మరించుకోవాలి. సమాజమే వక్రంగా ఉన్నప్పుడు అందులో ఆట మాత్రం సవ్యంగా సాగుతున్నట్లు నటించరాదన్నది ఆయన వాదన. నల్లవారికి ఒకటి రెండు స్థానాలు విదిల్చి ప్రపంచాన్ని మభ్యపెట్టే ప్రయత్నాలకు ఆయన ఒప్పుకోలేదు. ఆ పట్టుదల కారణంగా రెండు తరాల యువకులు తమ ప్రతిభను ప్రపంచానికి చూపకుండానే వృద్ధులయ్యారు.  ఆమ్లా నడిచిన బాట వారు పరచినదే.

1991లో వెలి తొలగింది. ఆ సంవత్సరం నవంబరు 10న దక్షిణాఫ్రికా తిరిగి మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడినది కూడా ఈడెన్ గార్డెన్స్‌లోనే. ఆనాడు భారత జట్టు నాయకుడు మన హైదరాబాదీ ముహమ్మద్ అజహరుద్దీన్. మరుసటి ఏడాది నవంబరులో భారత జట్టు దక్షిణాఫ్రికాకు వెళ్లి తొలి టెస్టును డర్బన్‌లోనే ఆడింది. అప్పుడు ఆమ్లాకు తొమ్మిదేళ్లు. అంతకు మునుపు ఎన్నడూ భారత జట్టుకు ఆ గడ్డపై కాలు మోపే వీలు లేదు. అటువంటి చోట హైదరాబాదు మస్జిదుల నీడలో పెరిగిన ఒక యువకుడు భారత నాయకునిగా టాస్‌కు వెళ్లడం డర్బన్ భారతీయ ముస్లిములకు ఎటువంటి దృశ్యమో పాఠకులు ఊహించుకోవచ్చు.

ఆమ్లా చదివిన డర్బన్ హైస్కూలు వంద సంవత్సరాలకు పైబడిన ప్రభుత్వ పాఠశాల. బ్యారీ రిచర్డ్స్, లాన్స్ క్లూస్‌నర్ వంటి ఆటగాళ్లు అక్కడి విద్యార్థులే. ఆ ఇంట్లో క్రికెట్ ఆడినది హాషిమ్ ఒక్కరే కాదు. అన్న అహ్మద్ కూడా చక్కని బ్యాటర్. అన్నదమ్ములిద్దరూ తమ రాష్ట్ర జట్టుకు ఆడారు. ఇద్దరూ డాల్ఫిన్స్ జట్టుకు నాయకత్వం వహించారు. దేశం తరఫున ఆడే అవకాశం మాత్రం తమ్మునికే దక్కింది. ఒకే కడుపున పుట్టి, ఒకే పెరట్లో ఆడిన ఇద్దరిలో ఒకరికి కీర్తి దక్కి, ఇంకొకరికి దక్కని సందర్భాలలో ఎన్నో ఇళ్లు చీలిపోవడం మనం చూస్తున్నాము. అన్న ముందు నడిచి చూపిన దారినే తమ్ముడు నడిచాడన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

1999-2000 సీజనులో, పదహారేళ్ల వయసులోనే, ఆమ్లా క్వాజులు-నాటాల్ తరఫున ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అడుగు పెట్టారు. దక్షిణాఫ్రికా క్రికెట్‌కు అది చేదు కాలం. 2000 ఏప్రిల్‌లో జాతీయ జట్టు నాయకుడు హాన్సీ క్రోన్యే బుకీల వద్ద డబ్బు తీసుకున్నట్లు బయటపడింది. దేశమంతా ఆరాధించిన ఆ నాయకునిపై జీవితకాల నిషేధం పడింది. ఆటలో అప్పుడే అడుగు పెడుతున్న యువకులందరి కళ్ల ముందే ఇది జరిగింది. సంపాదనలో ఎంత వచ్చిందన్న ప్రశ్న కన్నా ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ముందు రావాలని మనం మదరసాలో చెబుతాము. ఆ తరం ఆటగాళ్లకు ఆ పాఠాన్ని లోకమే చెప్పింది.

2002లో న్యూజిలాండ్‌లో జరిగిన అండర్-19 ప్రపంచకప్‌కు ఆమ్లా దక్షిణాఫ్రికా నాయకునిగా వెళ్లారు. జట్టు ఫైనల్ వరకు చేరి ఆస్ట్రేలియా చేతిలో ఓడింది. తర్వాత ఇరవై ఒక్క ఏళ్లకే డాల్ఫిన్స్ జట్టు పగ్గాలు ఆయన చేతికి వచ్చాయి. 2004-05 సీజను ప్రారంభంలో మొదటి ఎనిమిది ఇన్నింగ్స్‌లో నాలుగు శతకాలు సాధించారు. ఆ పరుగులే ఆయనను కలకత్తాకు చేర్చాయి.

ఇరవై ఏళ్ల క్రితం, 1984 డిసెంబరు 31న మొదలైన టెస్టులో, అదే ఈడెన్ గార్డెన్స్‌లో అజహరుద్దీన్ తొలి అడుగు వేశారు. ఆయన తన మొదటి మూడు టెస్టులలోనూ మూడు శతకాలు చేశారు. ఆమ్లాకు అటువంటి ఆరంభం దక్కలేదు. కలకత్తా తర్వాత స్వదేశంలో ఇంగ్లండుతో రెండు టెస్టులు ఆడనిచ్చారు. నాలుగు ఇన్నింగ్స్‌లో కలిపి ఆయన చేసినవి 36 పరుగులు. జట్టు నుంచి తొలగించారు.

విమర్శలు రెండు రకాలుగా వచ్చాయి. మొదటిది ఆట తీరుపై. ఆమ్లా బ్యాటు ఎత్తేటప్పుడు అది వికెట్ల వైపు తిన్నగా లేవదు. పక్కకు, గల్లీ ఫీల్డర్ నిలబడే దిశగా పైకి లేచి, ఒక వంపు తిరిగి బంతి మీదికి వస్తుంది. బంతి వేగంగా లోపలికి దూసుకువస్తే ఆ వంపు పూర్తయ్యేలోగా ఆలస్యమైపోతుందని, ఈ పద్ధతితో టెస్టులలో నిలవడం కష్టమని నిపుణులు తేల్చారు. రెండవ విమర్శ అంతకంటే గాయపరచేది. ప్రతిభను చూసి కాక రంగును చూసి ఎంపిక చేశారని గుసగుసలు బయలుదేరాయి. శతాబ్దపు అన్యాయాన్ని సరిదిద్దడానికి ఆ దేశంలో శ్వేతేతర ఆటగాళ్లకు అవకాశం కల్పించే విధానం ఉండేది. దాని ఉద్దేశం మంచిదే. అయితే దాని నీడలో జట్టులోకి వచ్చిన ప్రతి ఆటగాడు తాను అర్హుడినేనని రెండు మార్లు నిరూపించుకోవలసి వచ్చేది. మన దేశంలో రిజర్వేషన్‌తో సీటు పొందిన విద్యార్థులకు, మన ముస్లిమ్ పిల్లలలో బీసీ-ఇ కోటాలో చేరినవారికి, ఈ చూపు కొత్తది కాదు.

నేను ఆయన జీవితంలో ఎక్కువసేపు ఆగి చూసేది ఇక్కడే. తొలగించబడిన ఆ పదహారు నెలలలో ఆమ్లా ఎవరినీ నిందించినట్లు దాఖలా లేదు. వివక్ష అని వాపోవడానికి ఆయనకు చరిత్రలో కావలసినంత సామగ్రి ఉంది. ఆయన దాని జోలికి పోలేదు. డాల్ఫిన్స్ తరఫున ఆడుతూ పోయారు. ఆ వంపు తిరిగే బ్యాటును పూర్తిగా విడిచిపెట్టలేదు కూడా. బంతి చేరేసరికి బ్యాటు తిన్నగా ఉంటే చాలు, అంతకు ముందు అది ఏ దారిన వచ్చిందన్నది ముఖ్యం కాదన్నట్లుగా, తన సహజమైన తీరును ఉంచుకుంటూనే సాధన చేశారు. సబ్ర్ అన్న పదాన్ని మనం చాలాసార్లు ‘ఓర్చుకోవడం’ అని మాత్రమే తర్జుమా చేసి వదిలేస్తాము. చేతులు ముడుచుకుని కూర్చున్నవానికి ఆ పదం వర్తించదని తఫ్సీర్ పండితులు వివరంగా వ్రాశారు. నిలకడగా నిలబడి పని కొనసాగించడం అందులోని ప్రధాన భాగం.

2006 ఏప్రిల్‌లో న్యూజిలాండ్‌తో కేప్‌టౌన్‌లో జరిగిన టెస్టుకు ఆయనను తిరిగి పిలిచారు. ఆ మ్యాచ్‌లో ఆయన 149 పరుగులు చేశారు. అటుపైన గుసగుసలు ఒక్కసారిగా ఆగలేదు, కానీ మెల్లగా సన్నగిల్లాయి.

అదే సంవత్సరం ఆగస్టులో, శ్రీలంకలో కొలంబో టెస్టు జరుగుతుండగా, ఆమ్లా ఒక క్యాచ్ పట్టారు. టీవీ వ్యాఖ్యాతగా ఉన్న ఆస్ట్రేలియా మాజీ ఆటగాడు డీన్ జోన్స్, ప్రసారం ఆగిందనుకుని, ఆయనను ‘టెర్రరిస్టు’ అని సంబోధించాడు. ఆ మాట ప్రేక్షకులకు వినిపించింది. ఛానెల్ వెంటనే అతణ్ణి తొలగించింది. జోన్స్ క్షమాపణ చెప్పుకున్నాడు. ఆమ్లా ఆ క్షమాపణను అంగీకరించి తన పనిలో తాను పడ్డారు. 2001 సెప్టెంబరు తర్వాత గడ్డం పెంచిన ప్రతి ముస్లిమ్ యువకుడు రైలులో, విమానాశ్రయంలో, ఇల్లు అద్దెకు అడిగిన చోట ఎదుర్కొన్న చూపే ఆనాడు మైకు గుండా ప్రపంచానికి వినిపించింది. మా విద్యార్థులలో ఒకడు ఈ సంగతి విని, “హజ్రత్, ఆయన ఎందుకు ఏమీ అనలేదు? అనవలసింది కదా” అని అడిగాడు. అన్యాయం జరిగినప్పుడు న్యాయం కోరే హక్కు షరీఅత్ ఇచ్చిందని, క్షమించడం అంతకంటే ఉన్నతమని చెప్పాను. అతనికి పూర్తిగా నచ్చలేదు. నచ్చకపోవడంలో తప్పు కూడా లేదు. తప్పు చేసినవానికి శిక్ష పడిన తర్వాత, అతడు క్షమాపణ కోరిన తర్వాత క్షమించడం ఒకటి. ఏ విచారణా లేకుండా అవమానాన్ని మింగమనడం వేరొకటి. ఆమ్లా చేసినది మొదటిది.

ఇక చొక్కా సంగతి. ఆనాడు దక్షిణాఫ్రికా జట్టుకు ప్రధాన ప్రాయోజకులు ఒక బీరు కంపెనీవారు. ఆటగాళ్లందరి చొక్కాలపై కాజిల్ అనే బీరు గుర్తు ఉండేది. తన చొక్కాపై ఆ గుర్తు ఉండరాదని ఆమ్లా క్రికెట్ బోర్డును కోరారు. బోర్డు అంగీకరించింది. అప్పటి ఛాయాచిత్రాలు చూడండి. తక్కిన పదిమంది చొక్కాలపై గుర్తు ఉంటుంది, ఆయన చొక్కాపై ఆ చోటు ఖాళీగా ఉంటుంది.

తాను త్రాగనప్పుడు చొక్కాపై గుర్తు ఉంటే నష్టమేమిటని కొందరు చదువుకున్నవారు కూడా అడుగుతారు. దీనికి ఫిఖ్ దృష్టితో సమాధానం ఉంది. మద్యం విషయంలో శాపానికి గురైన పదిమందిని పేర్కొన్న ప్రసిద్ధ హదీసును తిర్మిజీ, ఇబ్ను మాజా సంకలనాలు ఉల్లేఖించాయి. అందులో త్రాగేవాడు ఒక్కడే. మిగిలినవారు పిండేవాడు, పిండించేవాడు, మోసేవాడు, మోయించుకునేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, కొనేవాడు, ఎవరి కోసం కొన్నారో అతడు, దాని సొమ్ము తినేవాడు. అంటే త్రాగుడు చుట్టూ తిరిగే వ్యాపారమంతటినీ ఆ హదీసు ఒక్క గొలుసుగా చూపుతున్నది. ప్రకటన అన్నది అమ్మకానికి సహాయం. దివ్య ఖుర్ఆన్ ‘అల్ మాయిదా’ సూరా రెండవ ఆయత్‌లో పాపకార్యంలో ఒకరికొకరు తోడ్పడరాదన్న ఆదేశం ఉంది. ధార్మిక పండితులు ప్రకటనల సమస్యను పరిశీలించేటప్పుడు ఆధారపడేది ప్రధానంగా ఈ ఆయత్‌పైనే. ఆమ్లా ఆ గొలుసులో ఒక కడియం కాకుండా తప్పుకున్నారు. సహచరులు ధరించరాదని ఆయన పట్టుబట్టలేదు, ఎవరినీ దూషించలేదు, జట్టును వీడలేదు. 2011లో సహచరుడు వేన్ పార్నెల్ ఇస్లామ్ స్వీకరించినప్పుడు ఆమ్లా ఒత్తిడి ఉందేమోనని పత్రికలు ఆరా తీశాయి. అది పార్నెల్ సొంత నిర్ణయమని, సహచరుల ప్రమేయం లేదని జట్టు మేనేజరు ముహమ్మద్ మూసాజీ స్పష్టం చేశారు.

ఇక్కడ మన ఇళ్లవైపు ఒకసారి చూడవలసి ఉంది. అదే ‘అల్ మాయిదా’ సూరాలో, తొంభయ్యవ ఆయత్‌లో, మద్యంతో పాటు జూదం కూడా ఒకే వరుసలో నిషేధించబడింది. ఆమ్లా చొక్కాను మెచ్చుకుంటూ ఫోన్‌లో ఆయన చిత్రం పెట్టుకున్న మన కుర్రవాళ్లలో ఎందరు అదే ఫోన్‌లో బెట్టింగ్ యాప్ పెట్టుకున్నారు? ఓవరుకు ఇన్ని పరుగులని పందెం, టాస్ మీద పందెం, తర్వాత అప్పు, ఆ తర్వాత అమ్మ నగ. తెలంగాణ ప్రభుత్వం 2017లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధిస్తూ చట్టాలను సవరించాయి. అయినా దొడ్డిదారులు మూతపడలేదు. జుమా ఖుత్బాలలో మద్యాన్ని గురించి తరచుగా వింటాము. ఈ సరికొత్త జూదాన్ని గురించి అంతగా వినము. తల్లిదండ్రులు, ముఖ్యంగా తల్లులు, పిల్లల ఫోన్‌లో ఏ యాప్ ఉందో, ఖాతాలో డబ్బు ఎటు పోతున్నదో కనిపెట్టి ఉండటం ఈ రోజులలో తర్బియత్‌లో ఒక భాగమైపోయింది.

ఆటనే మాన్పించాలన్న తండ్రులు కూడా మనలో ఉన్నారు. వారితో నేను ఏకీభవించను. ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేసిన సంగతి, రుకానాతో కుస్తీ పట్టిన సంగతి హదీసు గ్రంథాలలో ఉంది. మస్జిద్ ప్రాంగణంలో అబిసీనియావారు బల్లెములతో ఆడిన ఆటను ఆయిషా (ర)కు చూపించారు కూడా. నమాజును మింగనంతవరకు, జూదం కలవనంతవరకు, సతర్ మర్యాద తప్పనంతవరకు ఆటకు అనుమతి ఉందని ఫుఖహా చెబుతారు. దీనికి పూర్తిగా వ్యతిరేక ధోరణిలో, కొడుకును అకాడమీలో చేర్చి, నెలకు వేలు పోసి, తెల్లవారుజామున నెట్ ప్రాక్టీసుకు లేపి, ఫజ్ర్ నమాజుకు మాత్రం ‘పాపం అలసిపోయాడు’ అని పడుకోనిచ్చే తండ్రులూ ఉన్నారు. వారికి ఆమ్లా జీవితం ఎక్కువ అవసరం. లక్షమందిలో ఒకరికి కూడా జాతీయ జట్టులో స్థానం దక్కదు. నమాజు అలవాటు అందరికీ దక్కుతుంది.

ఆమ్లా తర్వాతి సాఫల్యాలను క్లుప్తంగా చెబుతాను, అవి అందరికీ తెలిసినవే. 2008లో చెన్నైలో 159. 2010 ఫిబ్రవరిలో నాగపూర్‌లో 253 నాటౌట్. ఆ వెంటనే కలకత్తాలో రెండు ఇన్నింగ్స్‌లోనూ శతకాలు. ఐదేళ్ల క్రితం 24, 2 పరుగులకు వెనుదిరిగిన మైదానమే అది. రెండవ ఇన్నింగ్స్‌లో ఓటమిని తప్పించడానికి 394 బంతులు ఎదుర్కొని 123 పరుగులతో నిలిచారు. ఇక తొమ్మిది బంతులు గడిస్తే మ్యాచ్ డ్రా అయ్యేదనగా అవతలి వైపు చివరి ఆటగాడు హర్భజన్ బంతికి ఔటయ్యాడు. ఆ సిరీస్‌లో ఆమ్లా చేసిన పరుగులు 490, ఔటైనది ఒకే ఒక్కసారి.

2012 జూలైలో లండన్ ఓవల్ మైదానంలో చేసిన 311 నాటౌట్ దక్షిణాఫ్రికా టెస్టు చరిత్రలో తొలి త్రిశతకం. 529 బంతులు, పదమూడు గంటలకు పైగా క్రీజులో. అప్పుడే రమజాన్ మాసం ప్రారంభమయింది. ఆయన ఉపవాసంతో ఆ ఇన్నింగ్స్ ఆడారని మన వాట్సాప్ బృందాలలో ఏటా ఒక సందేశం తిరుగుతుంది. అది నిజం కాదు. ప్రయాణంలో ఉన్నందున ఉపవాసాలు వాయిదా వేసుకున్నానని, ఇంటికి వెళ్లాక పూర్తి చేస్తానని ఆయనే చెప్పారు. ‘అల్ బఖరా’ సూరాలో ప్రయాణికునికి అల్లాహ్ స్వయంగా ఇచ్చిన వెసులుబాటు అది. దానిని వినియోగించుకోవడంలో లోపమేమీ లేదు. లేని ఘనతను అంటగట్టి సందేశం పంపడంలో మాత్రం అబద్ధమనే లోపం ఉంది. విన్నదంతా విచారించక చెప్పడమే మనిషి అబద్ధీకుడు కావడానికి చాలునన్న ప్రవక్త (స) హెచ్చరిక ఇక్కడ వర్తిస్తుంది.

వన్డేలలో ఆయన 2008 మార్చిలో ప్రవేశించారు. నిదానమైన ఆటగాడన్న ముద్ర ఉన్నప్పటికీ, రెండు వేల నుంచి ఏడు వేల పరుగుల వరకు ప్రతి మైలురాయినీ అప్పటికి ప్రపంచంలో అందరికంటే తక్కువ ఇన్నింగ్స్‌లో చేరుకున్నారు.

2014 జూన్‌లో ఆయన దక్షిణాఫ్రికా టెస్టు జట్టు నాయకుడయ్యారు. ఆ పదవిని శాశ్వత ప్రాతిపదికన చేపట్టిన తొలి శ్వేతేతరుడు ఆయనే. హసన్ హోవా తరం కోరినది అదే. నాయకత్వం ఆయనకు సుఖంగా సాగలేదు. 2015 డిసెంబరులో ఢిల్లీలో ఓటమి తప్పించడానికి 244 బంతులాడి 25 పరుగులు చేసిన ఇన్నింగ్స్‌ను ఇప్పటికీ కొందరు నవ్వుతూ గుర్తు చేసుకుంటారు. ఆ మ్యాచ్ పోయింది, సిరీస్ కూడా పోయింది. మరుసటి నెలలో కేప్‌టౌన్‌లో ఇంగ్లండుపై 201 పరుగులు చేసి, ఆ మ్యాచ్ ముగియగానే నాయకత్వం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించారు. వరుస వైఫల్యాలలో ఉన్నప్పుడు కాక, తన బ్యాటు మాట్లాడిన తర్వాత పదవి విడిచారు. తర్వాత మూడున్నరేళ్లు ఇతరుల నాయకత్వంలో, ఎప్పటి మూడవ స్థానంలోనే, ఆడుతూ వచ్చారు.

2019 ఆగస్టు 8న అంతర్జాతీయ క్రికెట్‌కు వీడ్కోలు చెప్పేనాటికి ఆయన 124 టెస్టులలో 9,282 పరుగులు, 181 వన్డేలలో 8,113 పరుగులు చేశారు. శతకాలు వరుసగా 28, 27. ఆ టెస్టు పరుగుల మొత్తంలో కలకత్తాలో మొదటి రోజులలో చేసిన 24, 2 కూడా కలిసే ఉన్నాయి.